బావకు తగ్గ పెట్టె

తెలివితక్కువ పనులు నేను చాలానే చేశాను. వాటన్నిటిలోకీ పెద్దది ఇది: ఒక మనిషిని నా బండిలోంచి దింపడానికి పెట్టె చేయించాలనుకుని, ఆ పని ఆ మనిషి చేతికే అప్పగించడం. కొరివితో తల గోక్కున్నవాళ్ల గురించి అందరూ వినే ఉంటారు. నేను మాత్రం ఆ కొరివిని కొలతలిచ్చి మరీ చేయించుకున్నాను.

బండి అంటే పికప్ ట్రక్కు. పటాన్‌చెరులోని ఒక చిన్న కార్ఖానాలో తయారయ్యే అట్టపెట్టెలను కట్టలుగా వేసుకుని పాశమైలారంలోని ఒక మందుల కంపెనీకి చేరవేస్తాను. అంతకుముందు ఇరవై ఏళ్లు సంగారెడ్డి బజారులో మా కిరాణా దుకాణం గల్లా మీద కూర్చున్నాను. మా దుకాణంలో దొరకని సరుకు లేదనేవారు. ఏకాంతం ఒక్కటే దొరికేది కాదు. ఎదురుగా గిరాకీ, పక్కన అన్న, వెనక గోడ మీద ఫోటోలోంచి నాన్న. అన్నదమ్ములం వేరుపడ్డాక ఇంద్రేశం వచ్చి ఈ బండి కొనుక్కున్నాను. మొదటి రోజు తలుపు వేసి అద్దాలు ఎక్కించుకుంటే లోపల ఎవరూ లేరు. కాసేపటికి నేను కూడా లేననిపించింది. అంత హాయి. నలభై ఆరో ఏట నాకంటూ ఒక గది దొరికింది, కాకపోతే దానికి నాలుగు చక్రాలున్నాయి.

ఇంట్లో రెండు గదులకు నలుగురం. అందుకే బండిలో పక్క సీటు ఖాళీగా ఉండటమే నేను సంపాదించుకున్న ఆస్తి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఖాళీ సీటు కోసం ప్రాణం పెట్టేవాణ్ని చూస్తే లోకం నవ్వదూ!

ఆ ఆస్తి రెండేళ్లు నిలిచింది. తర్వాత మా బావ రిటైరయ్యాడు.

బావ అంటే అక్క భర్త. మా చుట్టాల్లో తక్కెడ పట్టనివాడు ఆయనొక్కడే. పెద్ద సర్కారు ప్లాంటులో ఫిట్టరుగా మొదలై ముప్పై నాలుగేళ్లకు ఫోర్‌మన్‌గా దిగాడు. వెంట్రుక మందం తేడాను వేలితో తడిమి చెప్పేవాడు. వాళ్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతల. రిటైరైన నెల తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావను జెర నీ ఎంబడి తోల్కపోరాదు? ఇంట్ల ఉండి నన్ను బతకనిస్తలేడు. నిన్న మిక్సీ ఇప్పిండు. ఇయ్యాల కుక్కర్ ముంగట వెట్టుకొని కూసున్నడు."

"కుక్కరేం జేసిందక్కా?"

"సీటీ టైముకు ఏస్తలేదంట. నువ్వు నాతోని ముచ్చట్లు వెట్టకు. రేపటి సంది బండెక్కించుకో."

అక్క మాట కాదనడం నాకు రాదు. అమ్మ దుకాణంలో ఉంటే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆమే. మర్నాటి నుంచి ఉదయం ఏడున్నరకు వాళ్ల గేటు ముందు హారన్ కొట్టడం నా డ్యూటీ అయింది. పికప్ అని పేరు పెట్టినవాడు ముందే హెచ్చరించాడు, నేనే అర్థం చేసుకోలేదు.

బావ చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే ఒకరోజు పోట్లాడి దింపేయొచ్చు. మంచివాణ్ని దింపడానికి బ్రేకు వేయాలంటే కాలు రాదు. ఆయన చేసేదల్లా మాట్లాడటమే. గేరు మార్చిన ప్రతిసారీ "క్లచ్ పూరా తొక్కు" అంటాడు. తొక్కుతాను. "ఇంక జెర" అంటాడు. ఇంకొంచెం తొక్కుతాను. ఇద్దరిలో ఎవరు ఎవరిని తొక్కుతున్నారో నాకు తేలేది కాదు. అద్దం ఎక్కిస్తే "గాలి రానియ్", దించితే "దుమ్మురా". ముందు పోయే లారీని చూసి దాని వెనక ఇరుసు ఎందుకు ఊగుతోందో చెబుతాడు. ఆ లారీ దాటిపోయాక ఇంకో లారీ వస్తుంది. మా రోడ్డుకు లారీల కరువు ఎప్పుడూ లేదు. ఆయన పక్కనున్నంతసేపూ బావ తప్ప మరో భావం నా బుర్రలోకి వచ్చేది కాదు.

ఒకరోజు ఇస్నాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగినప్పుడు మా పక్కన ఒక కొత్త కారు వచ్చి నిలిచింది. తెల్లాపూర్ ఎత్తు మేడల సెల్లారుల్లో నిద్రపోయే జాతి కారు. దాని ముందు సీట్ల మధ్య పొడవాటి నల్లటి పెట్టె, దాని మీద కారు నడిపేవాడి మోచేయి. పెట్టె అవతల సీటు ఖాళీ. దాన్ని సెంటర్ కన్సోల్ అంటారని తర్వాత ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. కన్సోల్ అంటే ఓదార్చడమనే అర్థం కూడా ఉందని అదే ఫోన్ చెప్పింది. నాకు రెండు అర్థాలూ అవసరమే.

నా బండిలో డ్రైవరు సీటు ఒకటి, గేరు రాడ్డుకు అటుపక్క ఇద్దరు పట్టే బెంచి సీటు ఒకటి. నడుమ పెట్టె పెట్టి, దాన్ని బెంచి మీదికి బాగా పాకనిస్తే? పద్దెనిమిది అంగుళాల వెడల్పు. ఇక మిగిలే జాగాలో బావ పట్టడు, బావ టిఫిన్ డబ్బా పడుతుంది. అడిగినవాళ్లకు చెప్పడానికి కారణం కూడా ఉంది: సరుకు చలాన్లు, గేటు కాగితాలు, నీళ్ల సీసా. ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక అట్టముక్క మీద బొమ్మ గీసుకున్నాను. గీసినవాణ్ని దాచుకోవచ్చు కదా. డాష్‌బోర్డు మీద వదిలేశాను.

మర్నాడు ఎక్కీ ఎక్కగానే బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"గిదేందిరా?"

"ఏం లే బావా. నడుమ ఒక పెట్టె చేయిద్దామనుకుంటున్న. కాయితాలకు."

"ఎవలతోని?"

"పటాన్‌చెరుల ఎవలో ఒక కార్పెంటర్ తోని..."

బావ కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగాడు. "అంటె నేన్ సచ్చిన్ననా?"

"అయ్యో, గదేం మాట బావా!"

"మల్ల కార్పెంటరేందిరా బామ్మర్దీ? ముప్పై నాలుగేండ్లు నేన్ ఆడ గడ్డి పీకిన్ననా?" బొమ్మను దూరంగా పట్టుకుని చూశాడు. "పద్దెనిమిది ఇంచులా! నీకు పెట్టె కావాల్నా, బీరువా కావాల్నా?"

"కాయితాలు మస్తున్నయ్ బావా."

"మస్తుంటె ఆఫీసు వెట్టుకో. తొమ్మిదిన్నర సాలు. లేకుంటె నేనేడ కూసోవాలె?"

అసలు ప్రశ్న అదే. దానికి నా దగ్గర జవాబు ఉంది, చెప్పే నోరే లేదు.

ఆ వారం నుంచి కొలతలు ఆయనవి, కలతలు నావి. ప్లాంటులో వాళ్లకొక పద్ధతి ఉండేదట. ఏ పరికరం చేసినా దాన్ని వాడే మనిషిని నిలబెట్టి, వాడి చేతికి అందే ఎత్తులోనే పిడి పెట్టేవారు. ఆ పద్ధతి ప్రకారం బావ బెంచి మీద కూర్చుని తన మోచేయి ఎత్తు కొలిచాడు, తన నడుము కొలిచాడు, తన తొడ పొడవు కొలిచాడు.

"బావా, వాడేది నేను గద?"

"నువ్వు బండి నడుపుతవ్. నీ చేతులు స్టీరింగ్ మీద ఉండాలె. మోచెయ్యి వెట్టుకునేటోడు ఎవడు? పక్క సీటోడు."

ఈ తర్కంలో తప్పెక్కడుందో ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను.

మొదట అట్టతో నమూనా చేశాడు. అట్టపెట్టెలు మోసేవాడి ఇంట్లో అట్టకేం కొదవ. తనే చేసి, ఒక పూట ఆగి, కళ్లద్దాలు మార్చుకుని వచ్చి తనే తనిఖీ చేసేవాడు. మొదటి నమూనా మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు. రెండోదీ పోయింది. "గేరు రెండుల ఏస్తె పిడి తగుల్తుంది. ఇన్‌స్పెక్షన్ల పోయింది" అన్నాడు, చేసినవాడి మీద జాలి లేకుండా. మూడోది పాసైంది. ఆ సాయంత్రం ఇంటికి లడ్డూలు తెచ్చాడు.

తర్వాత ప్లైవుడ్. చెక్కపెట్టె చట్రాన్ని బండిలోనే నిలబెట్టి జిగురు పెట్టి బిగించాల్సిన రోజు, వాళ్ల ప్రహరీ నీడలో బండి పెట్టమన్నాడు. గోడకు ఎంత దగ్గరగా పెట్టానంటే నా వైపు తలుపు బెత్తెడు కూడా తెరుచుకోదు. నీడ కోసం ఆశపడ్డాను. అక్కడే పప్పులో కాలేశాను. కాలు కాదు, మనిషినే వేశాను.

"సీట్ల కూసో" అన్నాడు బావ. "మనిషి కూసున్నప్పుడు సీటు కిందికి దిగుతది. లోడు మీదనే సెట్టింగ్ జెయ్యాలె."

కూర్చున్నాను. అటుపక్క బెంచి మీద తన బరువుకు సరిగ్గా డెబ్బై రెండు కిలోలు తూచి బియ్యం బస్తాలు పెట్టాడు. మా ఇద్దరికీ నడుమ, అంటే నాకూ బియ్యానికీ నడుమ, చట్రాన్ని నిలబెట్టాడు. కీళ్లకు జిగురు రాశాడు. చెక్కలను నొక్కిపట్టే శిగంజాలు అరడజను బిగించాడు. వాటిలో ఒకటి నా సీటు అంచును, ఇంకొకటి దాదాపు నన్నూ పట్టుకున్నాయి.

"ఇగ రెండు గంటలు కదలకు."

"రెండు గంటలా? బావా, నా జాగల కూడ బస్తాలు వెట్టరాదు?"

"వెట్టొచ్చు. గని బస్తాకు మోకాళ్లుండయ్ గద. గేరు కాడ కొలత తప్పుతది."

అలా చెప్పి, బీపీ గోలీల టైమైందని, తిని వస్తానని లోపలికి వెళ్లాడు.

కుడివైపు గోడ. ముందు స్టీరింగు. ఎడమవైపు తడి జిగురు. వెనక అద్దంలోంచి అట్టపెట్టెలు కట్టలు కట్టలుగా నన్ను చూస్తున్నాయి. నీడ పావుగంటలో గోడెక్కి అవతలికి దిగిపోయింది. రేకు కాలడం మొదలైంది. ఈ బండి కొన్న రోజున దేన్ని చూసి హాయి అనుకున్నానో అదంతా ఇక్కడే ఉంది: అదే తలుపు, అవే అద్దాలు, పక్కన మాట్లాడే మనిషి లేడు. బియ్యం ఒక్క మాట అనదు. అయినా ఊపిరాడలేదు. ఏకాంతానికీ బందిఖానాకూ తేడా తలుపు గడియ ఎవరి చేతిలో ఉందన్నదేనని ఆ రోజు చెమటతో సహా తెలిసింది.

ఫోన్ మోగింది. కార్ఖానా సూపర్‌వైజరు.

"అన్నా, ఏడున్నవ్? మూడింటికి మాల్ దిగాలె."

"బండిలనే ఉన్న."

"మంచిగైంది. ఎంతసేపట్ల చేరుతవ్?"

"జిగురు ఆరంగనే."

"ఏమారంగనే?"

"ఏం లే తమ్మీ. బయల్దేరుతున్న."

పక్కింటావిడ బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి, పైనుంచి నన్ను చూసింది.

"ఏమైందన్నా? బండి ఖరాబైందా?"

"బండి మంచిగనే ఉందమ్మా."

"మల్ల గట్ల కూసున్నవేంది?"

"కొలత కోసం."

ఆమె దిగిపోతూ ఇంకోసారి తొంగి చూసింది. కాసేపటికి అక్క పళ్లెంలో అన్నం కలిపి తెచ్చి, ఎడమవైపు కిటికీలోంచి బియ్యం బస్తాల మీదుగా చెయ్యి చాపింది. అందలేదు. నేను ముందుకు వంగబోయాను. "కదలకు తమ్మీ, మీ బావ నన్ను తిడ్తడు" అంది. చివరికి గరిటె మీద పెట్టి అందించింది. చిన్నప్పుడు నాకు తినిపించిన చేయే అది. అప్పుడు మధ్యలో శిగంజాలు లేవు.

"బావేం జేస్తుండక్కా?"

"పండుకున్నడు."

ఆయన నిద్ర లేచి, తీరిగ్గా వచ్చి, వేలితో కీలు తడిమి "మంచిగ పట్టింది" అన్నాడు. జిగురే కాదు, నా నడుమూ పట్టిందని నాకు తెలుసు. సరుకు ఆలస్యమైనందుకు ఆ సాయంత్రం సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను. బావ తినలేదు, బియ్యమూ తినలేదు.

మిగిలింది పైపూత. హైవే పక్కన సీటు కవర్లు కుట్టే దుకాణానికి తీసుకెళ్లాం. కుట్టేవాడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. బావ అడిగిన స్పాంజి మందం విని, "అంకుల్‌జీ, సోఫా బనా రహే క్యా?" అన్నాడు. "హా, సోఫా ఈచ్ సమ్ఝో" అన్నాడు బావ, నవ్వకుండా. నల్ల రెక్సిన్, ఎర్ర దారం. ఎర్ర దారం నేనే అడిగాను. ఆ పెట్టెలో నా ఇష్టప్రకారం జరిగింది ఆ దారం ఒక్కటే.

నిజం చెప్పాలి. పెట్టె అద్భుతంగా కుదిరింది. మూత వేస్తే చప్పుడు ఉండదు, నిట్టూర్పు ఉంటుంది. ఎంత గుంతలో పడినా కిర్రుమనదు. అక్క కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయలు కట్టింది. లోపల అరలన్నీ కొలతగా ఉన్నాయి: కళ్లద్దాలకు ఒకటి, బీపీ గోలీలకు ఒకటి, టిఫిన్ డబ్బా అడ్డంగా పడిపోకుండా గుండ్రటిది ఒకటి, నాలుగు రకాల స్క్రూడ్రైవర్లకు ఒకటి.

"నా చలాన్ల బుక్కేడ వెట్టాలె బావా?"

"జేబుల వెట్టుకో. గంత చిన్నదానికి పెట్టెందుకు?"

ఇంతకుముందు బెంచి సీటు మీద బావ అటూ ఇటూ జారేవాడు. మలుపుల్లో డాష్‌బోర్డు పట్టుకునేవాడు. నడుము నొప్పని నెలకు నాలుగు రోజులైనా ఇంటిదగ్గర ఆగేవాడు. ఆ నాలుగు రోజులే నాకు పండగలు. పెట్టె వచ్చాక ఆయన ఒళ్లు కదలడం లేదు. మోచేతి కింద మెత్త, నడుముకు ఆసరా. "ఇప్పుడు నొప్పే లేదురా. ఇగ ఒక్క దినం గూడ నాగా వెట్ట" అన్నాడు సంతోషంగా. ఆయనకు సింహాసనం కట్టించిన పుణ్యం నాదే. నేను రెండో గేరు వేసినప్పుడల్లా నా చేతి కణుపులు ఆ నల్ల రెక్సిన్‌కు దణ్ణం పెట్టుకుంటున్నాయి.

నాకు ఇక మిగిలింది కంపెనీ గేటు లోపలి ముప్పావుగంట. అక్కడ డ్రైవరుకు తప్ప పక్కనున్నవాళ్లకు ప్రవేశం లేదు. బావ గేటు బయట చాయ్ హోటల్లో దిగేవాడు. లోపల కంపెనీ హమాలీలు సరుకు దించుతుంటే నేను క్యాబిన్‌లో ఒక్కణ్నే కూర్చునేవాణ్ని. పద్దులూ లేవు, పలుకులూ లేవు. రోజుకు ఆ కాస్త సేపు దొరికితే మిగతా రోజంతా బావను మోయగలను.

ఒకరోజు నేను బయటికి వచ్చేసరికి షిఫ్టు సైరన్ మోగింది. చాయ్ గ్లాసు పట్టుకుని ఉన్న బావ చెయ్యి తనంతట తనే చొక్కా జేబు మీదికి పోయింది. ప్లాంటు బ్యాడ్జి ఉండే చోటు అది. జేబు ఖాళీ. నేను చూశానని ఆయన చూడలేదు. నాకు గుండె చివుక్కుమంది.

బండెక్కి, మోచేయి పెట్టుకుని, అన్నాడు: "ముప్పై నాలుగేండ్లు ప్లాంటు లోపట్నే ఉన్న. ఇప్పుడు గేటు బయట చాయ్ తాగాల్సొచ్చె. నా పేరు గూడ పాసుల రాయించరా. నీతోని లోపటికొస్త."

చివుక్కుమన్న గుండె అక్కడే ఆగింది. ఆ ముప్పావుగంట కూడా పోబోతోంది. జాలీ భయమూ రెండూ ఒకేసారి వచ్చాయి. కాదనలేకపోయాను. నేనెప్పుడు కాదన్నాను గనుక!

మర్నాడు గేటు ఆఫీసుకు తీసుకెళ్లాను. సెక్యూరిటీ అతను రిజిస్టరులోంచి తలెత్తాడు.

"ఈ పెద్దాయన ఎవలన్నా?"

"మా బావ. హెల్పర్‌గ రాయాలె."

"కొత్త మనిషైతె ముందుగాల సేఫ్టీ క్లాసుల కూసోవాలె. గంట పడ్తది. క్లాసు గాకుంట లోపటికి ఇడువం."

మా పారిశ్రామికవాడలో ఆ క్లాసును చూసి ఎవరూ నవ్వరు. మందుల కంపెనీల్లో జరిగిన పేలుళ్లను ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. బావ అయితే ఉత్సాహపడ్డాడు. "ఉండాలె. రూల్ ఉండాలె. ఏడుంది క్లాసు?" అని పసుపు హెల్మెట్ తీసి, లోపలి పట్టీ కొలతకు సరిచేసుకుని, పక్కగదిలోకి నడిచాడు. అద్దంలోంచి కనిపిస్తున్నాడు. ఒడిశా, బిహార్ కూలీల నడుమ ముందు బెంచీలో, నిటారుగా. పాఠం మొదలవకముందే ఏదో అడగడానికి చెయ్యెత్తాడు.

సెక్యూరిటీ అతను కాగితం నా ముందుకు తోశాడు.

"పాసు ఎన్ని దినాలకు రాయాలె? ఏడాదికైతె క్లాసు ఒక్కసారి. దినం పాసైతె రోజూ క్లాసుల కూసోవాలె."

పెన్ను నా చేతిలో ఉంది. అద్దం అవతల బావ ఇంకా చెయ్యి దించలేదు.

"దినం పాసే రాయన్నా" అన్నాను.

క్లాసు గంట, సరుకు దిగేది ముప్పావుగంట. ఇది లెక్క చేయడానికి గల్లా మీద ఇరవై ఏళ్లు కూర్చోనక్కర్లేదు. నేను లోపలికి వెళ్లి, దించుకుని, క్యాబిన్‌లో కళ్లు మూసుకుని నా వాటా మౌనం పూర్తిగా తాగి, ఇంకో పావుగంట గేటు కాగితాలు ముగించుకుని బయటికి వచ్చేసరికి బావ ధ్రువపత్రంతో బయట నిలబడి ఉంటాడు. ఇప్పటికి ఇరవై మూడు రోజులు. పాఠం ఆయనకు నోటికి వచ్చేసింది. మంటలార్పే సిలిండరు పట్టుకునే తీరు తప్పని చెప్పే బావకూ హిందీలో "బైఠియే, అంకుల్" అనే క్లాసు మాస్టారుకూ రోజూ వాదన.

నిన్న సింహాసనం మీద కూర్చుంటూ, కాస్త నీరసంగా అడిగాడు.

"రోజు గదే క్లాసు, రోజు గదే సినిమా. లోపటికి పోయేసరికి నువ్వు బయటికొస్తున్నవ్. వీళ్లు ఏడాది పాసు ఇయ్యరారా?"

నేను క్లచ్ పూర్తిగా తొక్కాను.

"కంపెనీ రూలు బావా. ఏం జేస్తం మరి?"